మాతమ్మలకు మరో బతుకుదెరువు: విద్యార్థుల పూనిక ఎంతవరకు?

చిత్తూరు ప్రాంతపు తూర్పు మండలాల్లో, తమిళనాడు సరిహద్దు పొడవునా, చాలా అరుంధతివాడల్లో మాతమ్మ గుడి కనిపిస్తుంది. ఆడపిల్లకు జబ్బు చేస్తే ‘నయమైతే నీకే వదిలేస్తాం’ అని కన్నవాళ్లు మొక్కుకోవడం, బిడ్డ కోలుకున్నాక అమ్మవారి పేరిట తాళి కట్టించడం ఇక్కడి పాత ఆచారం. అలా వదిలిన పిల్లకు ఇక పెళ్లి ఉండదు. జాతరల్లో చిందేయాలి, ఊరి మగవాళ్ల దాష్టీకానికి లోబడి బతకాలి. పుట్టిన పిల్లలను బడిలో వేయబోతే తండ్రి పేరు దగ్గరే దరఖాస్తు ఆగిపోతుంది. వయసు మళ్లాక జాతరకు పిలిచేవాళ్లు కూడా తగ్గిపోతారు.

చట్టాలకు కొరత లేదు. ఆడపిల్లలను దేవుడికి అంకితమివ్వడాన్ని మద్రాసు శాసనసభ 1947లోనే నిషేధించింది. ఈ సరిహద్దు మండలాల్లోని నగరి అప్పట్లో ఆ రాష్ట్రంలోనే ఉండేది. ఆంధ్రప్రదేశ్ 1988లో సొంత చట్టం తెచ్చుకుంది. దాని వెనుక నిజామాబాద్ జిల్లా వర్నిలో, ఇలాగే దేవుడి పేరిట వదిలిన జోగినుల కోసం పనిచేసిన హేమలతా లవణం కృషి ఉంది. అయినా ఆచారం కొనసాగుతోందన్న వార్తలపై 2017 సెప్టెంబరులో జాతీయ మానవ హక్కుల కమిషన్ ఆంధ్ర, తమిళనాడు ప్రభుత్వాలకు నోటీసులివ్వాల్సి వచ్చింది. చట్టం తాళి కట్టేవాడిని శిక్షిస్తుంది. తాళి కట్టించుకున్న ఆడమనిషి రేపటి నుంచి ఏం తినాలో చెప్పదు. కళాశాల విద్యార్థులు పూనుకోగలిగిన చోటు అదే.

అలా పూనుకున్నవాళ్లు లేకపోలేదు. అమెరికాలోని రోడ్ ఐలండ్ స్కూల్ ఆఫ్ డిజైన్‌లో చదువుతున్న కొలీన్ క్లైన్స్ 2009లో కోర్సులో భాగంగా భారత్ వచ్చి, వ్యభిచార వృత్తిలో చిక్కుకున్న మహిళలను కలిసింది. మరుసటి ఏడాదికల్లా ‘ఆంచల్’ సంస్థ మొదలైంది. రాజస్థాన్‌లోని అజ్మీర్‌లో మహిళలు పాత చీరలను పొరలుగా పరిచి, కాంతా కుట్టుతో దుప్పట్లు చేస్తే అమెరికాలో అమ్ముడవుతాయి. ‘ఎనాక్టస్’ అనే అంతర్జాతీయ విద్యార్థి సంస్థది మరో దారి. ఇది 1975లో వేరే పేరుతో పుట్టింది. ఇందులో విద్యార్థి బృందాలు ఒక అధ్యాపకుడి అండతో పేదల కోసం చిన్న వ్యాపారాలు నెలకొల్పుతాయి. ఢిల్లీ శ్రీరామ్ కామర్స్ కళాశాల బృందం పాకీపని చేసే మహిళలతో డిటర్జెంట్ తయారీ పెట్టించింది.

అయితే సరుకు ఎంపికలో విద్యార్థులు తరచూ తప్పటడుగు వేస్తారు. కొవ్వొత్తులు, అగరుబత్తీలు, జనపనార సంచులు అంటూ నేర్పడానికి సులువైనవి ఎంచుకుంటారు. కొనేవాళ్లు ఎవరన్న ప్రశ్న చివర్లో వస్తుంది. హైదరాబాద్‌లో సునీతా కృష్ణన్ 1996లో ఆరంభించిన ‘ప్రజ్వల’ ఈ విషయంలో వేరుగా ఆలోచించింది. అక్రమ రవాణా నుంచి బయటపడిన మహిళలకు వెల్డింగ్, వడ్రంగం, పుస్తకాల బైండింగ్ నేర్పింది. మగవాళ్ల పనిగా చలామణి అవుతున్న వాటిలోనే కూలి గిట్టుబాటవుతుంది మరి.

ఈ లెక్కన నగరికి ఒక వెసులుబాటుంది. నగరి, ఏకాంబరకుప్పం, పుత్తూరు వీధుల్లో పొద్దస్తమానం మరమగ్గాల చప్పుడే. నూలు, అద్దకం, పడుగు పట్టడం తెలిసినవాళ్లు పక్కింట్లోనే దొరుకుతారు. చెన్నై, తిరుపతి మార్కెట్లు దూరమేమీ కాదు. కానీ మహిళలకు దక్కేది ఎక్కువగా కండెలు చుట్టడం, అంచులు కుట్టడం, మడతపెట్టడం వంటి తక్కువ కూలి పనులే. మాతమ్మను తీసుకొచ్చి కండెల దగ్గర కూర్చోబెడితే ఆమెకు ఇంకో యజమాని దొరుకుతాడు, అంతే. మగ్గం నడపడం, నూలు బేరమాడడం, బిల్లు రాయడం ఆమె చేతికి రావాలి. శ్రీ వేంకటేశ్వర, పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయాల్లో కామర్స్, సోషల్ వర్క్ చదివేవాళ్లు నేర్పడానికి ఇక్కడ కావలసినంత పని ఉంది.

విద్యార్థి పథకాల అసలు బలహీనత క్యాలెండర్‌లో ఉంది. పరీక్షలొస్తే పని ఆగుతుంది, మూడో ఏడాది ముగిస్తే బృందమే చెదిరిపోతుంది. పెద్ద మనసుతో వచ్చి మధ్యలో మాయమైనవాళ్లను ఈ మహిళలు మునుపే చాలామందిని చూశారు. అందుకే బ్యాంకు ఖాతా తొలిరోజు నుంచే మహిళల సంఘం పేరున ఉండాలి. చెక్కుపై సంతకం వాళ్లే చేయాలి. జమాఖర్చుల పుస్తకం ఇంగ్లిషులో కాకుండా వాళ్లు చదవగలిగే తెలుగులోనో తమిళంలోనో సాగాలి. మగ్గం మీద రాబడి రావడానికి నెలలు పడుతుంది. ఈలోగా పింఛను, ఇంటిస్థలం, పిల్లల కుల ధ్రువపత్రం కోసం తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరగడమూ విద్యార్థుల పనే. వ్యాపార ప్రణాళికల పోటీల్లో దీనికి మార్కులు పడవు, నిజమే.

ప్రచారం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఆంచల్ దుప్పటిపై కుట్టిన మనిషి పేరు ఉంటుంది. కొనేది సముద్రాల అవతలివాళ్లు కాబట్టి చెల్లింది. నగరి తువ్వాలు తిరుపతి దుకాణంలోనే అమ్ముడవుతుంది. దానిపై మాతమ్మలు నేసినదని అచ్చువేస్తే, ఆ మాట సాయంత్రానికి ఆమె కూతురు చదివే బడికి చేరుతుంది. చీటీ మీద నూలు రకం, కొలత, ధర, సంఘం పేరు ఉంటే సరిపోతుంది.