ఎన్4 పాసైతే క్లాసు అర్థమైపోతుందా?

మన కాలేజీలో ఈమధ్య జపనీస్ నేర్చుకునేవాళ్ళు పెరిగారు. కొందరు ఉద్యోగం కోసం, కొందరు అనిమే పిచ్చితో, కొందరు అక్కడికెళ్ళి చదవాలని. మొదటి రెండు రకాల వాళ్ళతో నాకు పేచీ లేదు. మూడో రకం వాళ్ళతోనే ఒక మాట. "ఎన్4 కొట్టేస్తే చాలు, మిగతాది అక్కడికెళ్ళాక అదే వస్తుంది" అని చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ మాట నమ్మి, ఇంట్లోవాళ్ళ చేత అప్పు చేయించి విమానం ఎక్కొద్దు అంటాను. ఎందుకో చెప్తాను.

ముందు ఆ పరీక్ష సంగతి చూద్దాం. జేఎల్‌పీటీలో ఎన్5 నుంచి ఎన్1 దాకా ఐదు మెట్లు. ఎన్4 అంటే కింద నుంచి రెండోది. ఏ మెట్టులోనైనా ఆప్షన్లు చూసి గుర్తు పెట్టే ప్రశ్నలే. నోరు తెరిచి మాట్లాడమని అడగరు, సొంతంగా ఒక్క వాక్యం రాయమనీ అడగరు. యూనివర్సిటీ క్లాసులో మాత్రం ఆ రెండే కావాలి. ప్రొఫెసర్ సగం సగం వాక్యాలు మాట్లాడుతూ బోర్డు మీద గబగబా రాసేస్తుంటే నోట్సు దించుకోవాలి. సెమినార్‌లో డౌట్ అడగాలి. ల్యాబ్ రిపోర్టు రాయాలి. ఆ రిపోర్టు భాష కూడా మనం పుస్తకంలో నేర్చుకున్న 'దెస్', 'మస్' భాష కాదు, 'దె అరు' అనే వేరే శైలి. స్నేహితుడితో మాట్లాడే తెలుగుకీ పాఠ్యపుస్తకంలో తెలుగుకీ ఉన్నట్టే అక్కడా తేడా ఉంది.

బీటెక్ లాంటి డిగ్రీకి వెళ్ళే విదేశీ విద్యార్థుల కోసం 2002 నుంచి ఈజేయూ అనే పరీక్ష ఉంది. ఏటా జూన్‌లో, నవంబర్‌లో పెడతారు. జపనీస్ పేపర్లో వ్యాసం రాయాలి కాబట్టి అది కొంత నయం. కానీ అందులో లెక్కలు, సైన్సు ఇంగ్లీషులో కూడా రాయొచ్చు. అలా రాసి గట్టెక్కినవాడికి మొదటి రోజు క్లాసులో ఏమవుతుంది? ఇంటిగ్రేషన్ చెయ్యడం వచ్చు. సార్ చెప్తున్నది ఇంటిగ్రేషన్ అని మాత్రం తెలీదు.

ఈ విషయం జపాన్ ప్రభుత్వానికి బాగా తెలుసు. వాళ్ళు ఇచ్చే మెక్స్ట్ స్కాలర్‌షిప్‌లో మామూలు డిగ్రీకి వెళ్ళినవాళ్ళకి 5 ఏళ్ళు ఇస్తారు, అందులో మొదటి ఏడాది ముందస్తు తయారీకే. జస్సో అనే సంస్థ టోక్యోలో, ఒసాకాలో నడిపే కేంద్రాల్లో భాషతో పాటు లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ కూడా జపనీస్‌లోనే చెప్తారు. ఏరి కోరి ఎంపిక చేసుకున్న పిల్లలకే ఇంత తయారీ అవసరమైతే, నాలుగు నెలల కోచింగ్‌తో బయల్దేరేవాడి పరిస్థితి ఏంటి?

"లాంగ్వేజ్ స్కూల్లో చేరి నేర్చుకుంటాం" అంటారు. మంచిదే. కానీ ఫీజుకీ అద్దెకీ పార్ట్‌టైమ్ చెయ్యాలి. వారానికి 28 గంటల దాకా అనుమతి ఉంటుంది. రాత్రంతా కన్వీనియన్స్ స్టోర్ కౌంటర్ దగ్గర నిలబడితే "వేడి చేసి ఇమ్మంటారా?" అనడం బ్రహ్మాండంగా వస్తుంది. థర్మోడైనమిక్స్ క్లాసులో ఆ వేడి పనికిరాదు.

ఇంగ్లీషులో చెప్పే కోర్సులు లేవా అంటే ఉన్నాయి. 2009లో గ్లోబల్ 30 పేరుతో 13 యూనివర్సిటీలను ఎంచుకుని ఆ దారి వెడల్పు చేశారు. మాస్టర్స్‌కి వెళ్ళేవాళ్ళకి అది మంచి దారే. అయినా ల్యాబ్‌లో సీనియర్ చెప్పేది, మెషీన్ మీద అంటించిన హెచ్చరిక, తర్వాత ఉద్యోగం ఇంటర్వ్యూ ఎక్కువగా జపనీస్‌లోనే ఉంటాయి.

ఇప్పుడు నా అసలు పాయింట్. మనం జపనీస్‌ని ఇంగ్లీషు మీదుగా నేర్చుకుంటున్నాం. అది చుట్టుదారి. తెలుగు మీదుగా వెళ్తే దారి సగం తగ్గుతుంది. క్రియ చివర్లో రావడం మనకి కొత్త కాదు. 'తబెతె మిరు' అంటే అక్షరాలా 'తిని చూడు'. 'తో ఇయు' అంటే మన 'అనే'. మూడింట రెండు అన్నట్టే వాళ్ళూ ముందు మూడు చెప్పి తర్వాత రెండు చెప్తారు, 'సన్‌బున్ నొ ని' అని. ఇంగ్లీషులో ఇవన్నీ తలకిందులు.

సైన్సు మాటల్లోనూ ఇంతే. 19వ శతాబ్దంలో ఉదగవా యోఆన్ అనే పండితుడు డచ్ పుస్తకాల నుంచి కెమిస్ట్రీని జపనీస్‌లోకి తెచ్చాడు. ఆక్సిజన్‌కి 'సన్సో' అన్నాడు, ఆమ్ల మూలకం అని. హైడ్రోజన్‌కి 'సుయిసో', నీటి మూలకం. మన పాత తెలుగు సైన్సు పుస్తకాల్లో వాటి పేర్లు ఆమ్లజని, ఉదజని! తెలుగు మీడియంలో చదివొచ్చినందుకు మొహమాటపడేవాళ్ళు మన క్లాసుల్లో ఉన్నారు. ఇక్కడ వాళ్ళే ముందుంటారు.

పిలిచేవాళ్ళకీ బాధ్యత ఉంది. 2020కల్లా 3 లక్షల మంది విదేశీ విద్యార్థులు కావాలని 2008లో జపాన్ లక్ష్యం పెట్టుకుంది, 2019లోనే అది దాటింది. ఇప్పుడు 2033కి 4 లక్షలు అంటోంది. ఎంతమంది వచ్చారన్నదే కాదు, వచ్చినవాళ్ళలో ఎంతమందికి పాఠం అర్థమవుతోందన్నదీ లెక్కలోకి రావాలి. జపనీస్‌లో పాఠం చెప్పే ముందస్తు ఏడాది స్కాలర్‌షిప్ లేనివాళ్ళకీ, ఫీజు భారం లేకుండా అందాలి.

అది మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్నది ఒకటుంది. మన క్లబ్ తరఫున ఫస్టియర్ లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ మాటలతో జపనీస్, తెలుగు, ఇంగ్లీషు మూడు వరుసల పట్టిక మొదలుపెడదాం. వారానికి పది మాటలు చాలు. జపనీస్ క్లాసుకి వెళ్ళేవాళ్ళూ, తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళూ పక్కపక్కన కూర్చుంటే అయిపోయే పని.

వెళ్ళాలనుకునేవాళ్ళకి చిన్న పరీక్ష కూడా చెప్తాను. ఓమ్స్ లా మీద జపనీస్‌లో చెప్పిన పాఠం ఒకటి నెట్‌లో వెతికి పది నిమిషాలు వినండి. విషయం మనకి ఎలాగూ తెలుసు. విన్నది జపనీస్‌లో ఐదు లైన్లు రాయగలిగితే ధైర్యంగా అప్లై చెయ్యండి. రాయలేకపోతే ఆ అప్పు కాగితం మీద నాన్నగారి సంతకం ఒక ఏడాది ఆగొచ్చు.