పెద్దల నొప్పిమాత్రలు, మలబద్ధము



మన యిండ్లలోని వృద్ధుల బాధలలో కొన్నిటిని గూర్చి పదుగురియెదుట మాటలాడుదుము. మఱికొన్నిటిని నోట బలుకుటకే సిగ్గుపడుదుము. మోకాళ్లనొప్పి, నడుమునొప్పి మొదటి తెగలోనివి. మలబద్ధము రెండవ తెగలోనిది. ఈ రెండును ఒక్కరియందే కూడి, మొదటిదానికి వాడిన మందే రెండవదానికి కారణమైనప్పుడు ఆ సిగ్గు మిక్కిలి చేటు తెచ్చును. ఈ మాసమున ఆ సంగతినే విచారింతము.

మహేశ్వరమునకు సమీపగ్రామమునుండి ఒక సోదరి యిట్లు వ్రాసినది: “మా మామగారికి డెబ్బదియాఱేండ్లు. వెన్నునొప్పికి పట్టణపు వైద్యుడు మాత్రలు వ్రాసియిచ్చెను. పదిదినములు సుఖముగా నిద్రించిరి. పిమ్మట అన్నము సగము వదలివేయుచున్నారు. మాత్రను మ్రింగినట్లే చేసి దిండుక్రింద దాచుచున్నారు. కారణమడిగిన చెప్పరు. తుదకు మా అత్తగారు గుచ్చి గుచ్చి యడుగగా, నాలుగుదినములనుండి విరేచనము లేదని తెలిసినది. మాత్రలు మానుడని చెప్పుదునా? నొప్పి యోర్చుకొనుడని చెప్పుదునా?”

ఆ రెంటిలో నేదియు చెప్పవలసిన పని లేదు. నొప్పిమాత్రయు సాగవలెను, కడుపును కదలవలెను. ఈ రెండును ఒక్కతూరి సాధ్యములే. అది యెట్లో తెలియుటకు ముందు మందుల తెగలను కొంచెము తెలిసికొనవలెను.

నొప్పిమాత్రలన్నియు నొక్కటి కావు. పారాసిటమాలు సాధారణముగా కడుపును బిగింపదు. డైక్లోఫినాకు వంటివి మూత్రపిండములకును, జీర్ణకోశమునకును హాని చేయగలవు గాని మలబద్ధమునకు ముఖ్యకారణములు కావు. ట్రమడాలు, కోడీను, మార్ఫీను అనునవి వేఱొక తెగ. ఇవి నల్లమందు వంశమునకు చెందినవి, లేదా దానివలెనే పనిచేయునవి. ట్రమడాలు పారాసిటమాలుతో కలిసి యొకే మాత్రగా దొరకుటచే, ఇంటివారికి అందులో నేమున్నదో తెలియకపోవుట సహజము. కావున మాత్రల అట్టమీద సన్నని యక్షరములతో నున్న పేర్లను చదువుట, చదువరాదేని మందులయంగడివానిని అడుగుట మన మొదటి కర్తవ్యము.

నల్లమందు కడుపును కట్టివేయునను సంగతి మన పూర్వులకు క్రొత్త కాదు. భావప్రకాశమునందు అహిఫేనమును శోషణమనియు, గ్రాహియనియు చెప్పియున్నారు. శోషణమనగా తేమను ఆర్చునది; గ్రాహియనగా విరేచనమును బంధించునది. అందుచేతనే పూర్వము అతిసారమున దానిని వాడుచుండిరి. 1805 ప్రాంతమున జర్మనీ దేశమునందు సెర్ట్యూర్నరు అను ఔషధకారుడు నల్లమందునుండి దాని సారమును వేఱుచేసెను. గ్రీకుల స్వప్నదేవతయైన మార్ఫియసు పేర దానికి మార్ఫీను అను నామము కలిగెను. నేటి వైద్యశాస్త్రము చెప్పునదియు ఆ రెండు మాటల వివరణమే. ఈ మందులు మెదడునందు నొప్పిని అణచునట్లే, పేగుల గోడలయందలి నాడులను గూడ నిద్రపుచ్చును. పేగు మలమును ముందునకు త్రోయు కదలిక మందగించును. పేగులలో ఊరవలసిన ద్రవము తగ్గును. మలము పెద్దపేగునందు నిలిచినకొలది దానిలోని నీరు ఇంకిపోయి గట్టిపడును. గుదద్వారపు కండరము బిగుసుకొనును.

ఇందు ముఖ్యముగా గుర్తుంచుకొనవలసిన దొకటి కలదు. ఈ మందులు మొదలుపెట్టిన క్రొత్తలో వచ్చు వికారము, మత్తు కొన్నిదినములలో చాలమందికి తగ్గిపోవును. శరీరము వానికి అలవాటుపడును. మలబద్ధమునకు మాత్రము శరీరము అంతగా అలవాటుపడదు. మందు వాడినంతకాలము అదియు వెంటనుండును. కనుక “కొన్నాళ్లలో అదే సర్దుకొనును” అని యుపేక్షించుట తగదు. నొప్పిమాత్ర మొదలుపెట్టిన దినముననే విరేచనపు మందును మొదలుపెట్టవలెను. కడుపు బిగిసిన పిమ్మట విప్పుటకంటె బిగియకుండ కాచుట సులభము. వైద్యుడు ఈ తెగ మాత్రలను వ్రాసినప్పుడు, “దీనితోపాటు విరేచనమునకు ఏమి యిత్తురు?” అని అక్కడనే అడుగుడు.

వైద్యులు సాధారణముగా వ్రాయునవి రెండు విధములు. పేగును కదలించునవి యొకవిధము. మనకు తెలిసిన సునాముఖి, బిసాకొడిలు ఇట్టివి. రాత్రి పరుండబోవునప్పుడు పుచ్చుకొన్నచో ఆఱు మొదలు పండ్రెండు గంటలలో పనిచేయును. అనగా ఉదయమునకు సరిపోవును. బిసాకొడిలు మాత్రను పాలతో నీయరాదు, నమలనీయరాదు; దానిపై పూత ముందే కరగి కడుపునొప్పి కలిగించును. మలమునందు నీటిని నిలుపునవి రెండవవిధము. లాక్టులోజు పాకము, పాలీయిథిలీను గ్లైకాలు పొడి ఇట్టివి. ఇవి పనిచేయుటకు ఒకటిరెండు దినములు, ఒక్కొక్కప్పుడు మూడు దినములు పట్టును. కాన ఒకపూట త్రావి ఫలము లేదని మానరాదు. అవసరమునుబట్టి వైద్యుడు రెండింటిని కలిపి యిచ్చును. ఎంత యీయవలెనో ఆయనయే చెప్పవలెను.

ఇక మనము చేయు ఉపచారములలో కొన్ని ఇచ్చట పనికిరావు. ఇసబ్గోలు మంచి పదార్థమే. కాని పేగు నిద్రించుచుండగా, నీరు తక్కువ త్రాగు వృద్ధునకు దానిని పెట్టినచో అది లోపల ఉబ్బి అడ్డుపడును. ఈ మందులు వాడువారికి వైద్యుని యడుగక దానిని పెట్టరాదు. ఆముదముతో ఒక్కసారిగా కడుపు కడుగుట బలహీనులకు ప్రమాదము. సబ్బునీటి వస్తి పేగును పుండుచేయగలదు. మంచముపట్టినవారికి ద్రవపారఫిను నోట పోయుట మఱియు ప్రమాదము. అది పొరపోయి ఊపిరితిత్తులలోనికి చేరవచ్చును.

ఆహారమున మన జిల్లాకు లోటులేదు. పుంటికూర, తోటకూర, పాలకూర, జామ, బొప్పాయి, జొన్నరొట్టె మంచివి. పండ్లు లేనివారికి రొట్టె నమలరాదు గాన, దానిని పప్పులోనో మజ్జిగలోనో నాననిచ్చి పెట్టుడు. నీరు సరిపడ త్రాగవలెను. గుండెజబ్బు, మూత్రపిండముల జబ్బు గలవారు మాత్రము నీటి పరిమాణమును, పండ్లను వైద్యుని యనుమతితోనే పెంచవలెను. ఎంత మంచి యాహారమైనను ఈ మందులవలని మలబద్ధమునకు అదొక్కటియే చాలదు. మందునకు తోడుగా నుండును గాని మందు కాజాలదు.

వృద్ధస్త్రీల విషయమున ఒక మాట. పాయిఖానా పెరటిచివర నున్న యిండ్లలో, రాత్రి లేవవలసివచ్చునని అత్తగారు సాయంకాలమునుండియే నీరు మానుదురు. కోడలిని లేపుట కిష్టము లేక బిగబట్టుదురు. మలమూత్రముల వేగమును అడ్డగించుట అనేకరోగములకు మూలమని చరకుడును, వాగ్భటుడును ప్రత్యేకముగా హెచ్చరించిరి. నోరు తెఱచి నీరు త్రాగుడని వారిని బ్రతిమాలుటకంటె, దారిలో నొక దీపము, పట్టుకొనుటకు గోడకొక కడ్డీ, మోకాళ్లు వంగనివారికి కుర్చీ కమ్మోడు అమర్చుట మేలు. కమ్మోడుపై కూర్చుండునప్పుడు పాదములక్రింద చిన్న పీట వేసినచో మోకాళ్లు పైకి లేచి మలము సులభముగా వెడలును. ఉదయము వేడి కాఫీయో, ఫలాహారమో అయిన అరగంటలోపల పేగు సహజముగా కదలును. ఆ సమయమున తొందరపెట్టక, తలుపుదగ్గర పిల్లలను ఉండనీయక కూర్చుండబెట్టుడు.

ఇట్టి ఇంటియుపచారములు ఎన్ని చేసినను ఈ క్రింది లక్షణములు కనబడినచో ఇంటివైద్యము చాలించి వైద్యునొద్దకు పోవలెను. మూడుదినములు విరేచనము లేకుండుట, మలమునందు రక్తము, కడుపు ఉబ్బి వాయువు సైతము వెడలకుండుట, వాంతులు, మూత్రము బిగియుట, మాటలు తడబడుట. ఉబ్బుతో వాంతులు కలిసినచో ఆలసింపక 108 కు ఫోను చేయుడు. ఇంకొకటి మిక్కిలి మోసపుచ్చును. గట్టిమలము అడ్డుపడియుండగా, దాని ప్రక్కనుండి పలుచని నీరు కారుచుండును. ఇంటివారు అతిసారమనుకొని విరేచనములు కట్టు మందు ఇత్తురు. అది అగ్నిలో నెయ్యి పోసినట్లగును. చాలదినములు బిగిసియుండి హఠాత్తుగా నీళ్లవిరేచనములైనచో ముందు వైద్యుడు పరీక్షింపవలెను.

పై సోదరికి నేను చెప్పునదియు నిదియే. నాలుగుదినములైనది గనుక ఆ దినముననే వైద్యునికి చూపవలెను. మాత్రను తమంతట తాము మాన్పరాదు. చాలదినములు వాడిన ఈ తెగ మందును ఒక్కసారిగా ఆపినచో వణుకు, చెమటలు, కడుపునొప్పి కలుగును. మొదటి నొప్పి మరలివచ్చును. తగ్గించవలెనన్న వైద్యుడే మెల్లమెల్లగా తగ్గించును. ఇనుపధాతువు మాత్రలు, కాల్షియము, కొన్ని రక్తపోటు మందులు, నిద్రకై యిచ్చు కొన్ని మందులు గూడ మలబద్ధమును పెంచును గాన, ఇంటనున్న మందులన్నిటిని ఒక సంచిలో వేసికొని పోవుట మంచిది.

2008 లో విమానాశ్రయము వచ్చినది మొదలు పట్టణము మన వాకిటికి వచ్చినది. రహదారిపొడవున మందులయంగళ్లు వెలసినవి. ట్రమడాలును 2018 లో ప్రభుత్వము మాదకద్రవ్యముల చట్టముక్రిందికి తెచ్చినది. కాన పాత చీటీతో, పొరుగువారి మాటతో దానిని కొనితెచ్చి పెద్దలకు పెట్టుట తగదు. అట్లని భయపడి, క్యాన్సరువంటి వ్యాధులతో విలవిలలాడువారికి మార్ఫీను వద్దనుటయు తగదు. నోటిద్వారా మార్ఫీను నిచ్చి క్యాన్సరునొప్పిని మాన్పవచ్చునని ప్రపంచ ఆరోగ్యసంస్థ 1986 లోనే ప్రకటించినది. 2014 లో మన దేశపు చట్టమును సవరించి వైద్యమునకై అది దొరకుటను సులభము చేసిరి. హైదరాబాదునందలి మెహదీ నవాజు జంగు క్యాన్సరు ఆసుపత్రిలో ఉపశమనచికిత్సాశాఖ కలదు. మన రంగారెడ్డి జిల్లాలోని చేవెళ్లయందును 2018 నాటికే ప్రభుత్వపు ఉపశమనచికిత్స ఆరంభమైనది. నొప్పిని మాన్పుటతోపాటు మలబద్ధమును గూడ విచారించుట ఉపశమనచికిత్సలో ఒక భాగము.

కోడలు మామగారిని ఈ సంగతి అడుగుట మన మర్యాదకు కష్టమే. దానికొక ఉపాయము చేయవచ్చును. గోడమీది క్యాలెండరును పెద్దవారి మంచమునకు అందునట్లు తగిలించి, దారముతో ఒక పెన్సిలు కట్టుడు. విరేచనమైన దినమున ఆయనయే ఒక గీత గీయును. ఎవరును అడుగనక్కరలేదు, ఎవరును చెప్పనక్కరలేదు. రెండుదినములు గీత లేనిచో భర్తయో, అత్తగారో విచారింతురు. మూడవదినమున వైద్యునికి కబురు పోవును. వైద్యునొద్దకు పోవునప్పుడు ఆ కాగితమునే చూపవచ్చును.

ముసలితనమున మానమును, ప్రాణమును ఒక్కటిగా చూచుకొనువారు మన పెద్దలు. ఎవరితోను చెప్పుకొనలేని బాధకంటె నొప్పినే కోరుకొని, మాత్రను దిండుక్రింద దాచుదురు. వారి మానమునకు భంగము రాకుండ, నొప్పికి మందు నిలుచునట్లు చూచుట గృహిణి నేర్పు. ఈ పత్రిక చదువుట ముగియగానే మీ యింటి మాత్రల డబ్బాను ఒకసారి తెఱచి చూడుడు.