డబ్బు చేరకుండా షేరు పుట్టకూడదు

చీనీ తోట మీద వచ్చిన సొమ్ము, బెంగళూరు ఉద్యోగంలో మిగుల్చుకున్న జీతం ఒకప్పుడు చీటీల్లోకో, ఊరి పక్క ప్లాటులోకో పోయేవి. ఇప్పుడు ఫోనులోని ట్రేడింగ్ యాప్‌లోకి పోతున్నాయి. దేశంలో 2020 మార్చి నాటికి నాలుగు కోట్ల పైచిలుకు ఉన్న డీమ్యాట్ ఖాతాలు 2022 ఆగస్టుకల్లా పది కోట్లు దాటాయి. వానను నమ్ముకోలేని అనంతపురం జిల్లా జనమూ ఆ వరుసలో ఉన్నారు. కొత్తగా వచ్చినవారి కన్ను ముందుగా పడేది పది, ఇరవై రూపాయల టెక్నాలజీ షేర్ల మీద. వెయ్యి రూపాయల షేరు రెండు వేలు కావడం కష్టం, పది ఇరవై కావడం సులువు అనుకుంటారు. రెండింటికీ కంపెనీ విలువ రెట్టింపు కావలసిందేనని యాప్ చెప్పదు.

అసలు ఆ ధర ఎందుకంతలా ఊగుతుంది? కొన్ని కారణాలు సహజమైనవే. చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఇద్దరు ముగ్గురు విదేశీ ఖాతాదారులే ఆధారం కావచ్చు. ఒకరు కాంట్రాక్టు ఆపేస్తే ఆ మూడు నెలల ఫలితాలు తలకిందులవుతాయి. చెప్పుకోదగ్గ భూములు, యంత్రాలు ఉండవు కాబట్టి విలువంతా రేపటి ఆదాయం మీద అంచనాయే. పైగా ప్రమోటర్ల దగ్గరున్నవి పోగా చేతులు మారే షేర్లు చాలా కంపెనీల్లో తక్కువ. కక్కలపల్లి మండీకి నాలుగు బండ్ల టమాటా మాత్రమే వచ్చిన రోజు ఒక్క పెద్ద వ్యాపారి వేలంలోకి దిగితే రేటు ఎలా ఎగురుతుందో, ఇక్కడా అంతే. ఒక రోజులో ధర పెరగగల గరిష్ఠ పరిమితి, అంటే అప్పర్ సర్క్యూట్ తగిలితే అమ్మేవాడుండడు, కొనేవాళ్ల వరుస పెరుగుతుంది. ఆ వరుసను చూసి ఇంకొందరు చేరతారు. పడిపోగల పరిమితి, లోయర్ సర్క్యూట్ మొదలైతే వరుస అమ్మేవాళ్లది. బయటపడదామన్నా కొనేవాడు దొరకడు. ‘ఇప్పుడు యావరేజ్ చేసుకోండి’ అని టెలిగ్రామ్ గ్రూపు సలహా ఇచ్చేది సరిగ్గా అప్పుడే.

ఈ ఊగిసలాటను ఎవరూ ఆపలేరు, ఆపనక్కర లేదు కూడా. మా అభ్యంతరం మరో రకం ఊపు మీద. దానికి మన ఎదుట ఉన్న ఉదాహరణ హైదరాబాద్‌కు చెందిన బ్రైట్‌కామ్ గ్రూప్. వైబ్రాంట్ డిజిటల్, లైకోస్ ఇంటర్నెట్ అని పేర్లు మార్చుకుంటూ వచ్చిన డిజిటల్ ప్రకటనల సంస్థ ఇది. 2021 మొదట్లో పది రూపాయల లోపున్న షేరు ఆ ఏడాది చివరికి వంద దాటింది. ఇక్కడ షేర్ల కొరత అనే సాకు చెల్లదు. కోట్ల కొద్దీ షేర్లు చిన్న మదుపర్ల చేతుల్లోనే తిరిగాయి. ఆ ధరను లేపినవి కాగితం మీద నిండుగా కనిపించిన లాభాలు, ఆ లాభాలతో పోలిస్తే చవకనిపించిన రేటు, పేరున్న మదుపరికి వారంట్లు కేటాయించారన్న వార్త, ఆపైన బోనస్ షేర్లు.

వారంట్ల సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. కంపెనీ ఎంచుకున్న కొద్దిమందికి ముందే నిర్ణయించిన ధరకు షేర్లు ఇవ్వడం ప్రిఫరెన్షియల్ కేటాయింపు. వారంట్లయితే నాలుగో వంతు సొమ్ము ముందు కట్టి, మిగతాది పద్దెనిమిది నెలల్లో చెల్లించి షేర్లుగా మార్చుకోవచ్చు. ఈలోగా బజారులో ధర పెరిగితే లాభమంతా వాళ్లదే. పడితే మొదట కట్టినది వదులుకుని తప్పుకోవచ్చు. తమ డబ్బును కంపెనీలో పెట్టేవాళ్లకు ఇంతటి వెసులుబాటు ఇచ్చినా తప్పు పట్టలేం. ఆ డబ్బు నిజంగా వచ్చి ఉంటే.

2023 ఆగస్టులో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు చెప్పింది అది పూర్తిగా రాలేదనే. తాము పరిశీలించిన 22 మంది నుంచి రావలసిన 245.24 కోట్ల రూపాయల్లో కంపెనీకి చేరింది 52.51 కోట్లేనని సెబీ తేల్చింది. కంపెనీ సొమ్మే అనుబంధ సంస్థల మీదుగా తిరిగి షేర్ల కొనుగోలు డబ్బుగా లోపలికి వచ్చిందని, అడిగితే నకిలీ బ్యాంకు స్టేట్‌మెంట్లు చూపారని పేర్కొంది. కంపెనీ అధిపతి, ఆర్థికాధికారి ఇద్దరూ డైరెక్టర్ పదవుల్లో ఉండకూడదని ఆదేశించింది. అంతకు నాలుగు నెలల ముందే మరో ఉత్తర్వులో పాత సంవత్సరాల లెక్కలను తప్పుపట్టింది. 2024 జూన్‌లో, త్రైమాసిక ఫలితాలు సమర్పించనందుకు ఎక్స్చేంజీలు ట్రేడింగే ఆపేశాయి. నలభైకో, యాభైకో కొన్నవాడు అప్పుడు నష్టానికి అమ్ముకుందామన్నా వీల్లేకపోయింది.

ఆ కేటాయింపులు జరిగింది 2020-21, 2021-22 సంవత్సరాల్లో. సెబీ ఉత్తర్వు వచ్చేసరికి ధర ఎక్కడం, దిగడం రెండూ అయిపోయాయి. శిఖరం మీద కొన్నవారికి ఆ ఉత్తర్వు పోస్ట్‌మార్టం రిపోర్టే.

ఇది కొత్త కంత కూడా కాదు. 2009 జనవరి 7న హైదరాబాద్‌లోని సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు లేఖ బయటపడిన రోజు, 179 రూపాయల దగ్గరున్న షేరు 40 దగ్గర ముగిసింది. ఆ లేఖలో ఆయన ఒప్పుకున్న పెద్ద అబద్ధం, బ్యాంకుల్లో ఉన్నాయని చూపిన 5,040 కోట్లు అసలు లేవన్నది. ఆడిటర్లు బ్యాంకులను నేరుగా అడగకుండా కంపెనీ ఇచ్చిన కాగితాలనే నమ్మారు. పద్నాలుగేళ్ల తరువాత, అదే నగరంలో, మళ్లీ బ్యాంకు కాగితమే. సత్యం పెద్దది కాబట్టి దేశమంతా గగ్గోలు పెట్టింది, ప్రభుత్వం కొత్త బోర్డును నియమించి కంపెనీని బతికించింది. చిన్న కంపెనీ మునిగితే పట్టించుకునే వారుండరు.

ఇప్పుడు మన ఊరి మదుపరి సంగతి చూడండి. పదిహేను వేలు పెట్టి ఓ కంపెనీ తొలి షేర్ల జారీకి (ఐపీఓ) దరఖాస్తు చేస్తాడు. షేరు వస్తుందో రాదో తెలియకముందే ఆ పదిహేను వేలను అతని బ్యాంకు ఖాతాలో కదలకుండా బిగిస్తారు. ఆస్బా అనే ఈ పద్ధతి 2016 నుంచి ఐపీఓల్లో అందరికీ తప్పనిసరి. కోట్ల విలువైన ప్రిఫరెన్షియల్ షేర్లు తీసుకునేవారి విషయంలో మాత్రం, డబ్బు వారి ఖాతా నుంచే వచ్చిందని ఆడిటర్ ఇచ్చే సర్టిఫికెట్ ఎక్స్చేంజీకి చాలు. ఆ ఆడిటర్‌ను పెట్టుకునేది, ఫీజు ఇచ్చేది కంపెనీయే. పదిహేను వేలకు బ్యాంకు సాక్ష్యం, కోట్లకు కాగితం సాక్ష్యం. ఈ తేడాను సమర్థించే వాదన ఒక్కటైనా మాకు కనిపించడం లేదు.

అందుకే మేం అడిగేది ఒకటే. ప్రిఫరెన్షియల్ షేరు లిస్ట్ కావాలంటే, పూర్తి సొమ్ము ఫలానా ఖాతా నుంచి ఫలానా ఖాతాకు చేరిందని బ్యాంకే నేరుగా ఎక్స్చేంజీకి తెలపాలి. కంపెనీ చేతిమీదుగా వచ్చే ఏ కాగితమూ చెల్లకూడదు. ఆ సొమ్ము తరువాతి ఏడాది ఎక్కడికి వెళ్లిందో, అనుబంధ సంస్థలకు ఎంత ఇచ్చారో ప్రతి మూడు నెలలకూ విడిగా వెల్లడించాలి.

దీనివల్ల చిన్న కంపెనీలకు పెట్టుబడి దొరకడం కష్టమవుతుందని అంటారు. నిజంగా డబ్బు తెచ్చే మదుపరికి బ్యాంకు ధ్రువీకరణ అడ్డు ఎలా అవుతుంది? టీ కొట్టులో పది రూపాయలు చేరిన మాటను స్పీకర్ డబ్బా క్షణంలో పలికే దేశం ఇది. ఇక నిజాయతీగా నడిచే చిన్న కంపెనీకి ఈ నిబంధన మేలే చేస్తుంది. నకిలీ లాభాల షేరు వంద దాటుతుంటే అసలు లాభాల షేరును చూసేవాడుండడు.

మరో వాదన ఉంది: ఆశపడ్డవాడిదే తప్పని. కొంత నిజమే. 2022-23లో ఇంట్రాడే, అంటే ఒకే రోజులో కొని అమ్మే వ్యాపారం చేసిన ప్రతి పదిమందిలో ఏడుగురు నష్టపోయారని సెబీ అధ్యయనమే చెప్పింది. యూట్యూబ్ జోస్యాన్ని నమ్మి అప్పు చేసి కొన్నవాడిని ఈ పత్రిక వెనకేసుకు రాదు. కానీ నకిలీ బ్యాంకు స్టేట్‌మెంటును పసిగట్టే దారి కదిరిలో కూర్చున్న టీచరుకు లేదు. వార్షిక నివేదిక మొత్తం చదివినా లేదు. ఆ దారి ఎక్స్చేంజీకి ఉంది, సెబీకి ఉంది. ఉండీ వాడనివారిని వదిలేసి లేనివాడికి జాగ్రత్తలు బోధించడం అన్యాయం.

ఇందుకు కొత్త చట్టం అక్కరలేదు. మూలధన జారీపై 2018లో సెబీయే రాసుకున్న నిబంధనల్లో సర్టిఫికెట్ గురించిన ఒక్క అంశాన్ని మార్చాలి. సెబీ బోర్డు ఒక సమావేశంలో చేయగల పని. రెండు తెలుగు రాష్ట్రాల ఎంపీలు వచ్చే పార్లమెంటు సమావేశాల్లో ఆర్థిక మంత్రిని ఈ ఒక్క ప్రశ్నే అడగాలి: ఐపీఓకు తప్పనిసరి చేసిన బ్యాంకు సాక్ష్యం ప్రిఫరెన్షియల్ కేటాయింపుకు ఎందుకు వద్దు? జవాబు లిఖితపూర్వకంగా రాబట్టాలి.