కల్లంలో పెట్రోలు బాటిలా?

మిర్చి కల్లం పక్కన మంచినీళ్ల బాటిల్ ఉంటే చూసి తాగండి. అందులో ఉన్నది పైరుకు మందు కొట్టే తైవాన్ పంపు కోసం ఆయిల్ కలిపిన పెట్రోలు కావచ్చు. దాని పక్కనే ఎండుకాయ రాశి, పట్టాలు, చుట్ట వెలిగించిన కాపలా పెద్దాయన. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఈ దృశ్యం మామూలైపోయింది. ఇది ఇవాళే ఆగాలి.

పెట్రోలు అంటుకోవడానికి ఎండ అక్కర్లేదు. సున్నాకు 40 డిగ్రీలు దిగువన కూడా నిప్పు సోకితే భగ్గుమనేంత ఆవిరి వదులుతుంది. ఆ ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు. నేలబారున పాకి ఎక్కడో ఉన్న పొయ్యిని చేరుతుంది. డీజిల్‌కు అంత భయం లేదని మనవాళ్ల ధీమా. డీజిల్ ఫ్లాష్ పాయింట్, అంటే నిప్పు సోకితే అంటుకునేంత ఆవిరి వదిలే వేడి, 35 డిగ్రీలకు తగ్గకుంటే చాలన్నది మన దేశ ప్రమాణం. రెంటచింతలలో ఎండ 45 దాటిన రోజున రేకుల షెడ్డులోని క్యాను సంగతేమిటి? బాయిలర్లలో వాడే ఫర్నేస్ ఆయిల్‌కు ఆ హద్దు 66. నూనెలన్నీ ఒకటి కావు.

ధర కోసం పత్తిని నడింట్లో కప్పుదాకా పోసుకున్నవాళ్లు ఆ ఇంట్లో డీజిల్ క్యాను ఉంచకండి. పత్తికి అంటిన నిప్పు పైన ఆరినట్టే ఉండి లోపల రాజుకుంటుంది.

1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం సొంత వాడకానికి లైసెన్సు లేకుండా 30 లీటర్ల దాకా పెట్రోలు ఉంచుకోవచ్చు. అదీ బిగువు మూత ఉన్న లోహపు డబ్బాలో, లేదా లీటరుకు మించని గాజు సీసాలో. ప్లాస్టిక్ బాటిల్ ఊసే లేదు. కిరాణా కొట్లో అమ్మడం సరేసరి. బంకు దూరమన్నది నిజమే, కానీ దానికిది మందు కాదు.

పంపు వీపున ఉండగా పెట్రోలు పోయకండి. దించి, ఆపి, సైలెన్సర్ చల్లారాకే పోయండి. క్యాను నింపేటప్పుడు బండి మీద కాదు, నేల మీద పెట్టండి.

ట్రాక్టరు ట్యాంకులో పైపు పెట్టి నోటితో డీజిల్ లాగే అలవాటు మానండి. గుటక దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. పిల్లలు నీళ్లనుకుని తాగితే ఉప్పునీళ్లు పట్టి కక్కించకండి. కక్కేటప్పుడే అది ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. వెంటనే 108కి ఫోన్ చేయండి. పెట్రోలు మంట మీద నీళ్లు పోయకండి, అది నీటిపై తేలి మంటను రాశిదాకా మోసుకుపోతుంది. ఇసుక, మట్టి చల్లి 101కి ఫోన్ కొట్టండి.