మనకో గడియారం, సర్కారుకో గడియారం

దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడని సామెత. కోర్టు తీర్పిచ్చినా సర్కారు జీతమియ్యదని ఇప్పుడు మార్చి చెప్పుకోవాలి. రోడ్లూడ్చేవాళ్లు, హాస్టళ్లలో వండిపెట్టేవాళ్లు, వాచ్‌మెన్లు, అటెండర్లు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగి జీతాల కేసు గెలుస్తారు. తీర్పు కాగితం ఆఫీసుకు చేరుతుంది. అక్కడే నిద్రపోతుంది.

మన హైకోర్టుల్లో సింగిల్ జడ్జి తీర్పు మీద అప్పీలుకు గడువు 30 రోజులు. హైకోర్టు తీర్పు మీద సుప్రీంకోర్టుకు పోవడానికి 90 రోజులు. ఈ లోపల సర్కారు జీతమూ ఇయ్యదు, అప్పీలూ వెయ్యదు. కార్మికులు కోర్టు ధిక్కార కేసు వేశాక ఉలిక్కిపడి లేస్తుంది. ఫైలు ఆ సెక్షన్లో ఉండిపోయింది, అధికారి బదిలీ అయ్యాడు, ఆలస్యం మన్నించండి అంటూ అప్పీలు పట్టుకొస్తుంది.

ఈ పాట విని విని సుప్రీంకోర్టుకే విసుగొచ్చింది. 2012లో పోస్టల్ శాఖ 427 రోజుల ఆలస్యంతో వస్తే, గడువు చట్టం సర్కారుకూ వర్తిస్తుందని చెప్పి తోసిపుచ్చింది. 2020లో మధ్యప్రదేశ్ సర్కారు 663 రోజుల ఆలస్యంతో వస్తే 25 వేలు కట్టమంది. ఆ డబ్బు బాధ్యులైన అధికారుల దగ్గర వసూలు చెయ్యమంది. అవి జీతాల కేసులు కావు. కానీ కూలోళ్ల కేసులోనూ అదే జరిగింది. జమ్మూకాశ్మీర్లో డైలీవేజి కార్మికుల గురించి 2007లో హైకోర్టు ఇచ్చిన ఉత్తర్వును అధికారులు దాదాపు 16 ఏళ్లు అమలు చెయ్యలేదు. 2025 మార్చిలో సుప్రీంకోర్టు గట్టిగా మందలించి 25 వేలు కట్టమంది. పదహారేళ్ల ఆకలికి పాతికవేలా అని మేం అడుగుతున్నాం.

ఆలస్యం ఖరీదు కట్టేదెవరు? ఫైలు తొక్కిపెట్టిన అధికారికి ఒకటో తారీఖున జీతం వస్తుంది. సర్కారు వకీలు ఫీజు జనం సొమ్ములోంచి పోతుంది. చీపురు పట్టినవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ, రెల్లి వాడల నుంచి వచ్చినవాళ్లే. రావాల్సిన జీతం రాక వాళ్లు వడ్డీలు కడతారు. తీర్పు అమలయ్యేసరికి కొందరు రిటైరవుతారు, కొందరు కాటికే పోతారు.

అన్యాయం ఇంకొకటుంది. ధిక్కార కేసు మనం ఏడాదిలోపల వెయ్యాలి. దాటితే చట్టం తలుపు మూస్తుంది. సర్కారు మాత్రం రెండేళ్లకొచ్చినా తలుపు తట్టి చూస్తుంది, చాలాసార్లు తెరుచుకుంటుంది కూడా.

అప్పీలు వెయ్యొద్దని మేం అనడం లేదు. తీర్పు తప్పనిపిస్తే గడువులో వెయ్యండి. లేదంటే జీతం ఇయ్యండి. రెండూ చెయ్యకుండా కూర్చున్న అధికారి పేరు ఫైలు మీద రాసి, అతని జీతంలో కొయ్యండి. 2020 మార్చి, ఏప్రిల్ జీతాలు కొంత ఆపినందుకు ఆంధ్రప్రదేశ్ సర్కారును 12 శాతం వడ్డీ కట్టమని హైకోర్టు అంది. 2021లో సుప్రీంకోర్టు దాన్ని 6 శాతానికి తగ్గించినా వడ్డీ కట్టక తప్పదంది. ఆ న్యాయం ఊడ్చేవాళ్లకూ దక్కాలి.

కార్యకర్తలకు మా మాట. తీర్పు రాగానే సర్టిఫైడ్ కాపీ తీసి ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. పై కోర్టులో కేవియట్ వెయ్యండి, మన మాట వినకుండా స్టే ఇయ్యకుండా ఉంటుంది. అది 90 రోజులే పనిచేస్తుంది, మళ్లీ వెయ్యాలి. అప్పీలు వేశామని ఆఫీసరు బెదిరిస్తే స్టే కాగితం చూపించమనండి. స్టే లేకపోతే తీర్పు బతికే ఉన్నట్టు. వకీలుకు డబ్బుల్లేవని ఆగొద్దు. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు.

అన్నిటికంటే ముందు, తీర్పు తేదీని సంఘం ఆఫీసు గోడ మీద పెద్దక్షరాలతో రాసిపెట్టండి. ఏడాది ఎప్పుడు నిండుతుందో దాని కిందే రాయండి. సర్కారు మరిచిపోవచ్చు. మనం మరిచిపోతే మునిగేది మనమే.