గోడమీది హాజరుపట్టీ

చెకు దేశపు ముఖ్యపట్టణమగు ప్రాగ్ నగరమున పింకాస్ సమాజమందిరమను యూదుల పురాతన ప్రార్థనాలయము కలదు. దానిని 1535 వ సంవత్సరమున హోరోవిట్జ్ కుటుంబమువారు కట్టించిరి. నేడు అందు ప్రవేశించువారికి గోడలనిండ పేర్లే కానవచ్చును. రెండవ ప్రపంచయుద్ధకాలమున నాజీలచే హతులైన బొహీమియా, మొరావియా మండలముల యూదులు దాదాపు 78,000 మంది పేర్లవి. ఊరిపేరు, ఇంటిపేరు, పేరు, పుట్టిన తేది, బ్రతికియున్నట్లు తెలిసిన కడపటి తేది – అన్నియు చేతివ్రాతయే. వాట్స్లావ్ బోష్టీక్, యిర్జీ యోన్ అను చిత్రకారులు 1954 మొదలు 1959 వరకు ఈ పని నడపిరి.

స్తుతి వినబడవలసిన మందిరమును మరణస్మారకముగ మార్చుట తగునా యని కొందరడుగుదురు. ఈ శంక తేలికగ త్రోసివేయదగినది కాదు. అయినను ఆ దేశమున ప్రార్థింపవలసిన జనమే చంపబడెను గదా! వారి పేర్లకు అంతకంటె స్వస్థలమేది? వీధిలో శిలాస్తంభము నిలిపినచో బాటసారి చూడకయే పోవును. ఇచ్చట గోడకు దగ్గరగ నిలిచి ఒక్కొక్క పేరు చదువక తప్పదు.

ఇరువదియేండ్లుగ నేను హాజరుపట్టీ పిలుచుచున్నాను. తొందరగానున్న దినములలో పేర్లు విడిచి అంకెలే పిలిచితిని. "పదునేడు" అందును, "హాజరు" అను పలుకు వినబడును, తలయెత్తకయే గీత గీతును. ఈ గోడలనుగూర్చి తెలిసికొన్నపిమ్మట ఆ యలవాటునకు సిగ్గుపడితిని. అరువది లక్షల యూదులు చంపబడిరని మన బాలురు పరీక్షలో వ్రాసి, మరునాడు మరతురు. అంత పెద్ద లెక్క మనస్సున పట్టదు.

నేలనీరు గోడల కెక్కుటచే 1968 న ఆ మందిరము మూయబడెను. మరమ్మతులు ఏండ్లతరబడి సాగెను. పేర్లు గోడలమీద నిలువలేదు. 1989 న కమ్యూనిస్టు ప్రభుత్వము పడిపోయినపిదప, 1992 మొదలు 1996 వరకు వానినన్నిటిని మరల వ్రాసిరి. 2002 వరదలో క్రిందివరుసలు చెడగా మరల బాగుచేసిరి. మొదటి వ్రాతకంటె ఈ రెండవ వ్రాతయే నాకు గొప్పదిగ తోచుచున్నది.

ఇట్టి ఘోరములు పిల్లలకేల యని తలిదండ్రులు కొందరు నన్నడిగిరి. చిన్న తరగతులకు వలదనియే నా మతము. పెద్ద తరగతులకు మాత్రము చెప్పవలెను; యూదద్వేషము నాజీలతో పుట్టలేదనియు, క్రైస్తవదేశములలో శతాబ్దములుగ పెరిగినదనియు దాచక చెప్పవలెను. మనము క్రైస్తవులము గావున మనకిది మరింత విధి.

ఆ మందిరపు మేడమీద టెరెజీన్ నిర్బంధస్థలమున పిల్లలు 1942 మొదలు 1944 వరకు గీచిన బొమ్మలున్నవి. వారికి చిత్రలేఖనము నేర్పినది ఫ్రీడల్ డికర్-బ్రాండైస్ అను ఉపాధ్యాయిని. 1944 అక్టోబరులో ఆమెను ఆష్విట్జ్ నకు గొనిపోయి చంపిరి. ఆ పిల్లలలో పెక్కుమందియు అట్లే నశించిరి. సుమారు 4,500 బొమ్మలు రెండు పెట్టెలలో దాచబడి మిగిలినవి. ప్రతి బొమ్మమీదను గీచినవారు తమ పేరు వ్రాయవలెనని ఆమె పట్టుపట్టెడిది.