దాగలి మీద పూలకుండీ

ఈమధ్య మన ఇళ్ళలో ఒక కొత్త వేడుక మొదలయింది. సెలవులకు ఊరు వెళ్ళి వచ్చేటప్పుడు ఆవకాయతో, అప్పడాలతో బాటు పాత కమ్మరి పనిముట్లు కూడా తెచ్చుకుంటున్నాం. ఒకరింట్లో కొలిమి తిత్తి మీద గాజుపలక పరచి టీపాయి చేశారు. ఇంకొకరింట్లో పట్టకార్లు గోడకెక్కి బల్బులు మోస్తున్నాయి. మరొకచోట సమ్మెట తలుపుకు అడ్డం. వచ్చినవాళ్ళు "ఆహా, మన సంస్కృతి!" అంటున్నారు. పాత పనిముట్లకు కొత్త ఉపయోగం కనిపెట్టామని మనమూ మురిసిపోతున్నాం. ఆ మురిపెం మీద నాలుగు కటువైన మాటలు చెప్పదలిచాం. పాఠకులు మన్నించాలి.

ముందు మా తప్పు ఒప్పుకుంటాం. రెండేళ్ళ క్రితం పాతసామాన్ల కొట్లో ఒక నాలుగు పలకల దాగలిని తూకానికి కొన్నాం. పదిహేను కిలోలుంటుంది. విమానంలో మా సామాను బరువు చాలామటుకు దానికే సరిపోయింది. దాన్ని జుబైల్‌లో మా ముందుగదిలో వార్నిషు వేయించిన మొద్దు మీద నిలిపి, పైన పూలకుండీ పెట్టాం.

ఒక శుక్రవారం నడుంనొప్పి ఎక్స్‌రే చూపించుకోవడానికి ఒక వెల్డరు వచ్చాడు. మెట్‌పల్లి వైపు కమ్మరి కుటుంబం. ఎక్స్‌రే సంగతి మరిచి దాగలి దగ్గరే నిలబడ్డాడు. పూలకుండీ మెల్లగా కింద పెట్టి, అరచేత్తో దాని మొహం తడిమాడు. "సార్, దీని మొకం ఇంకా చెడలే. పని చేసుకోవచ్చు దీనిమీద" అన్నాడు. కాసేపాగి, "మా నాయినది గిట్లనే ఉండె. ఏజెంటు పైసలు తక్కువబడితే తుక్కు కింద అమ్మినం" అన్నాడు. మళ్ళీ పూలకుండీ దాని మీద పెట్టింది కూడా అతనే. మాకు మాట రాలేదు.

అతని ప్రాంతం ఎలాంటిదో మనలో చాలామందికి తెలియదు. మెట్‌పల్లికి దగ్గరలోనే, నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి మండలంలో కోనసముద్రం ఉంది. అక్కడ మట్టిమూసల్లో ఇనుము కరిగించి చేసిన ఉక్కును కొనడానికి పారశీక వర్తకులు స్వయంగా వచ్చి దగ్గరుండి తూకాలు చూసుకునేవారని హెన్రీ వాయ్‌సీ రాశాడు. ఆ రచన 1832లో అచ్చయింది. ఆనాడు అక్కడి ఉక్కు సముద్రం దాటింది. ఈనాడు అక్కడి మనుషులు దాటుతున్నారు. చేపలు, ముత్యాలు పట్టుకుని బతికిన జుబైల్‌లో 1975లో రాయల్ కమిషన్ ఏర్పడి పరిశ్రమల నగరం లేచింది. 1983లో ఉక్కు తయారీ మొదలుపెట్టిన ఇక్కడి కర్మాగారం పేరు హదీద్. అరబీలో ఇనుమనే అర్థం. కమ్మరిని హద్దాద్ అంటారు. ఈ ఎండలో పైపులు అతుకుతున్నవాడు హద్దాద్. అతని తండ్రి పనిముట్టు మన ఇంట్లో అలంకారం.

"తుక్కులో కరిగిపోయేదాన్ని కాపాడాం కదా!" అంటారు కొందరు మిత్రులు. నిజమే, కరగలేదు. కాని శవాన్ని భద్రపరచడం వేరు, ప్రాణం నిలపడం వేరు. ఆ తేడా మాబోటి వైద్యులకైనా తెలియాలి. "వెల్డింగు మెషీన్లు, గ్రైండర్లు వచ్చాక దాగలితో పనేమిటి?" అని మరికొందరు. గ్రిల్లు షాపుకు వెళ్ళి చూడండి. చువ్వ సాపు చేయాలన్నా, గేటుకు మెలిక తిప్పాలన్నా, గడ్డపలుగు మొన సాగగొట్టాలన్నా కింద ఒక గట్టి ఇనుపదిమ్మ కావాలి. దాగలి లేనివాడు రైలుపట్టా ముక్క వెతుక్కుంటాడు.

అసలు పాతదాన్ని కొత్తపనికి మలచడం కమ్మరికి మనం నేర్పాలా? అరిగిన ఆకురాయి కొలిమిలో కాలి కత్తి అవుతుంది. లారీ కమానుపట్టీ గొడ్డలి అవుతుంది. ట్రాక్టరు వచ్చి నాగలి కర్రు పని పోయింది గాని చేతిలో పని పోలేదు. మా వృత్తిలోనే చూడండి. శస్త్రాలను మంచి ఇనుముతో నేర్పరి అయిన కమ్మరి చేత చేయించాలని సుశ్రుతుడు చెప్పాడు. 1968లో జైపూర్‌లో డాక్టర్ పి. కె. సేథీ, హస్తకళాకారుడు రామచంద్ర శర్మ కలిసి కృత్రిమ పాదాన్ని రూపొందించారు. దాని పైన అమర్చే కాలిని అల్యూమినియం రేకుతో, సుత్తి దెబ్బలతో మలిచింది సంప్రదాయ లోహపు పనివాళ్ళే. సేథీకి 1981లో మెగసెసే పురస్కారం వచ్చింది. పాత సుత్తికి కొత్త ఉపయోగమంటే అది. కాలు లేనివాడు లేచి నడిచాడు.

2023 సెప్టెంబరు 17న మొదలైన పి.ఎం. విశ్వకర్మ పథకంలో కమ్మరితో సహా 18 వృత్తులవారికి పనిముట్ల కోసం 15,000 రూపాయలు పెట్టారు. ఒకవైపు ప్రభుత్వం పనిముట్లకు డబ్బిస్తుంటే మరోవైపు మనం పనికొచ్చే పనిముట్లు కొని షోకేసులో పెడుతున్నాం. దీన్ని ఏమనాలో మీరే చెప్పండి.

కనుక మా సూచన ఇది. పగిలిన తిత్తి, విరిగిన పట్టకారు ఉంటే గోడకు తగిలించుకోండి, అభ్యంతరం లేదు. మొహం చెడని దాగలి, బిగువున్న సమ్మెట, పళ్ళున్న ఆకురాయి మాత్రం పని తెలిసిన చేతికి తిరిగి చేరాలి. ఇక్కడినుంచి తిరిగి వెళ్ళి షాపు పెట్టుకునే వెల్డర్లు మన చుట్టూ ఎందరో ఉన్నారు. ఊళ్ళో ఐ.టి.ఐ.లూ ఉన్నాయి. వైద్యులుగా ఒక్క హెచ్చరిక: పాత సుత్తులు, ఉలుల తల పుట్టగొడుగులా విచ్చుకుని ఉంటే ఆ అంచు అరగదీయించాకే ఇవ్వండి. దెబ్బకు లేచిన పెళ్ళ కంట్లో దిగితే చూపు పోతుంది. జింకు పూత ఉన్న ఇనుమును కొలిమిలో పెట్టవద్దనీ చెప్పండి. ఆ పొగకు చలిజ్వరం వస్తుంది.

మా దాగలి ప్రయాణానికి సిద్ధంగా ఉంది. ఆ వెల్డరు వచ్చే ఏడు ఇల్లు చేరతాడట. దాన్ని మోసుకెళ్ళే బరువు ఖర్చు మాది. పూలకుండీ కిటికీలోకి మారింది. అక్కడ ఎండ తగిలి మొక్క కూడా బాగానే ఉంది. మీ ఇంట్లో ఏ పనిముట్టు ఏ అవతారంలో ఉందో కార్యవర్గానికి ఒక చీటీ రాసి పంపండి.